సర్పంచమ్మకు పట్టిన దయ్యం

దయ్యాల సినిమా చూపించి పెళ్లాన్ని భయపెట్టాలనుకునే మగవాళ్లకు నాదొక సలహా. ముందు ఆ సినిమా మీరొక్కరే చూడండి. చివరిదాకా చూడగలిగితే అప్పుడు పెళ్లాన్ని పిలవండి.

నేను చూడలేకపోయాను. నా పథకం అక్కడే అడ్డం తిరిగింది.

మాది జఫర్‌గఢ్‌కు కాస్త అవతలి ఊరు. ఈసారి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయితే నా భార్య భాగ్యను నిలబెట్టాను. గెలిచింది. ప్రమాణం ఆమె చేసింది, దండలు నేను వేయించుకున్నాను. ఆఫీసు కుర్చీలో కూడా నేనే కూర్చున్నాను. ఊరంతా "సర్పంచ్ సాబ్" అని పిలుస్తుంటే, కాదనడం మర్యాద కాదు కదా!

అంతా సాఫీగా సాగుతుండగా గ్రామసభ వచ్చిపడింది.

"రేపు సభకు నేనే పోత," అంది భాగ్య, పప్పులో పోపు వేస్తూ. "పై వాడకు నల్లా ఏయిస్తనని ఓట్లడిగిన. తీర్మానం నేనే పెడ్త."

పోపులో ఆవాలకన్నా ముందు నా గుండె చిటపటలాడింది. నల్లాకన్నా ముందు ఊరి మొదట్లో స్వాగత తోరణం కట్టించాలని నా ఆశ. బొమ్మ కూడా గీయించాను. ఎడమవైపు నా ఫొటో. కుడివైపూ నాదే, కాకపోతే నవ్వుతూ.

భాగ్యను ఎలా ఆపాలి? పెళ్లయిన కొత్తలో వరంగల్‌లో దయ్యం సినిమాకు తీసుకెళ్తే, అయిపోయేదాకా నా చెయ్యి వదల్లేదు. అది గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే కిటికీలు మూసి, టీవీలో ఒక దయ్యం సినిమా పెట్టాను.

"పంచాయతీ ఆఫీసుల గూడ గిసొంటిదే ఒకటి తిరుగుతున్నదట," అన్నాను గొంతు తగ్గించి.

"గట్లనా?" అంది భాగ్య, వేయించిన పల్లీలు నములుతూ.

సినిమాలో కొత్తకోడలు నెమ్మదిగా తల తిప్పింది. నోరు తెరిచింది. లోపలినుంచి మగగొంతు వచ్చింది.

ఇంట్లో ఎవరో కెవ్వుమన్నారు. నేనే!

"ఏందయ్యా, గింత పరేషానైతున్నవ్?"

"కంట్ల దుమ్ము పడ్డదే."

"కంట్ల పడితే నోట్లకెళ్లి ఒర్రినవా?"

"అప్పట్ల నువ్వు భయపడలే? నా చెయ్యి గట్టిగ పట్టుకున్నవ్ గదా!"

"నువ్వు లేచి ఉరుకుతవని పట్టుకున్న."

నేను దిండు వెనక సర్దుకుంటుంటే, ఆమె తీరిగ్గా మొదలుపెట్టింది.

"మా అవ్వ చిన్నప్పుడు సినిమాల దయ్యం దొరల గడిలనే, గా పెద్ద బంగ్లలనే ఉండేదట. జనానికి దొరంటే భయం గదా. తర్వాత అపార్ట్‌మెంట్లకెక్కింది. కిస్తీలు కట్టేటోళ్లకు ఇల్లంటెనే భయం. ఇప్పుడు ఫోన్లకొచ్చింది. జనం దేనికి భయపడ్తే దయ్యం దాంట్లనే కాపురం పెడ్తది."

"మరి గీ దయ్యం?"

భాగ్య టీవీ వైపు చూసింది. "ఒళ్లు ఆడిది, గొంతు మొగోనిది. గీ భయం నాకు బాగెరుక."

నాకు భయమన్న మాట ఒక్కటే వినపడింది. "మరి రేపు ఇంట్లనే ఉండరాదా!"

"సరే తియ్," అంది.

ఆ సంతోషంలో మిగతా సినిమా కళ్లు మూసుకుని పూర్తి చేశాను.

మర్నాడు పంచాయతీ ముందు షామియానా కింద సభ. సర్పంచ్ కుర్చీలో నేను. పక్కన పంచాయతీ కార్యదర్శి మంజుల, భాగ్యకు వరసకు చెల్లెలు. గొంతు సవరించి, "నేను ఒక్క మాట చెప్త, ఇనుర్రి," అని తోరణం సంగతి ఎత్తుకున్నాను.

"నేను ఒక్క మాట చెప్త, ఇనుర్రి!"

ఇది నేను అనలేదు. కానీ గొంతు నాదే!

జనం తిరిగి చూశారు. జుట్టు విరబోసుకుని భాగ్య ఊగుతూ వస్తోంది. నాలాగే గొంతు సవరించింది. లేని మీసాన్ని నాలాగే దువ్వింది.

"సర్పంచమ్మకు దయ్యం పట్టింది!" అంటూ ముందు వరసలో కూర్చున్న వార్డు మెంబరు ఆగయ్య భయంతో తన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. మా ఊళ్లో దయ్యాలను దబాయించే చిలుకమ్మవ్వ వేపకొమ్మ విరుచుకుని ముందుకొచ్చింది.

"ఎవడివిరా నువ్వు?"

"ఐలేశ్‌ను!"

"ఐలేశ్ బతికే ఉన్నడు గదరా! గీడనే కూసున్నడు!"

"చచ్చినంక పట్టేది దయ్యం. బతికుండంగ పట్టేది మొగడు!"

ఆడవాళ్ల వైపు నుంచి ఈలలు. మా ఊరి ఆడవాళ్లకు ఈలలొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"ఏం కావాలెరా నీకు? కోడా? కల్లా?"

"తోరణం! రెండు దిక్కుల నా ఫొటో!"

"పై వాడోళ్ల గొంతెండుతుంటే నీకు ఫొటోలారా! ఎట్ల పోతవ్, చెప్పు!"

"కొట్టనిదే పోను!"

చిలుకమ్మవ్వ వేపకొమ్మ ఎత్తి, ఆగి, ఆలోచనలో పడింది.

"గీమెను కొడితే సర్పంచమ్మకు తాకుతది. దయ్యం అసలు ఒళ్లు గా కుర్చీల ఉన్నది గదా!"

అందరూ నా వైపు చూశారు. భాగ్య కూడా చూసింది, జుట్టు సందులోంచి. కన్ను కొట్టింది.

"అవ్వా, జర ఆగే! నేను దయ్యాన్ని కాదు!"

"ప్రతి దయ్యం గదే అంటది!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది పడకముందే కుర్చీ వదిలి షామియానా గుంజ చుట్టూ పరుగెత్తాను. నేను ముందు, అవ్వ వెనక, ఆమె వెనక పై వాడ మొత్తం!

ఒక చుట్టు తిరిగొచ్చేసరికి కుర్చీలో భాగ్య. జుట్టు ముడేసుకుంది. గొంతు తనదే.

"మంజులా, రాసుకో. మొదటి తీర్మానం, పై వాడకు నల్లా. చేతులెత్తుర్రి."

అందరూ ఎత్తారు. అవ్వ కొమ్మ ఇంకా గాలిలోనే ఉండటంతో నేనూ ఎత్తాను. రెండు చేతులూ!

ఇప్పుడు పై వాడలో నల్లా నీళ్లొస్తున్నాయి. దయ్యం మళ్లీ రాకుండా చిలుకమ్మవ్వ ఆఫీసు గుమ్మానికి నిమ్మకాయ కట్టింది. నేను లోపలికి పోబోతే, "అవ్వను పిలవాల్నా బావా?" అని అడుగుతుంది మంజుల. అందుకే బయటినుంచే భాగ్యకు సద్ది డబ్బా అందించి వస్తాను.

నిమ్మకాయ ఎండిపోతే మార్చాలి కదా. కొత్తది కొనుక్కొచ్చేది కూడా నేనే. భాగ్యకైతే తీరిక ఉండదు, పాపం. సర్పంచ్ కదా!