గోళ్లు కత్తిరించమన్న పెద్దాయన

టెస్ హాల్వర్సన్ ఆ శుక్రవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడో గదికి వెళ్లాలి, పిల్లి చావుబతుకుల్లో ఉన్న ముసలావిడతో మెత్తగా మాట్లాడాలి, పాసవ్వాలి. పశువైద్య కాలేజీలో మూడో ఏడు చదువుతున్న ఆ అమ్మాయికి ఆవు కడుపులో చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను సరిచేయడం వచ్చు. మనుషులతో మాట్లాడటమే రాదు. పోయిన నెల ఇదే పరీక్షలో "మీ కుక్క బలిసిపోయింది, తిండి తగ్గించండి" అని ఒక్క ముక్కలో తేల్చేసి తప్పింది. ఈసారీ తప్పితే ఆఖరి ఏడు కాలేజీ పశువుల ఆస్పత్రిలో అడుగు పెట్టనివ్వరు. వాళ్లింట్లో కాలేజీ మొహం చూసింది ఆమె ఒక్కతే. నార్త్ డకోటాలో పాలు పితుక్కునే నాన్న అప్పుడే ఊరంతా "మా డాక్టరు" అని చెప్పుకు తిరుగుతున్నాడు.

ఈ పరీక్షకు వచ్చే యజమానులు అసలు యజమానులు కారు, కాలేజీ పిలిపించే నటులు. ఒళ్లో గుడ్డపిల్లిని పెట్టుకుని ఏడుస్తారు. చచ్చినా నటిస్తున్నామని ఒప్పుకోరు. పైగా అసలు బాధ దాచిపెడతారు. దాన్ని ఓపిగ్గా బయటికి రప్పించాలి. పరీక్ష పెట్టే డాక్టర్ ప్రూయిట్ పక్కగదిలో కూర్చుని తెర మీద చూస్తుంటాడు.

ఆ వారం వరండాకు రంగులు వేస్తూ తలుపుల మీది అంకెలు ఊడదీశారు. టెస్ తలుపులు లెక్కపెట్టుకుంటూ సరైన గదికే వెళ్లింది. అందులో ముసలావిడ లేదు. టోపీ పెట్టుకున్న ముసలాయన ఉన్నాడు, పేరు ఆర్విల్. ఒళ్లో బుట్ట, బుట్టలో ప్రాణమున్న పిల్లి. గుడ్డబొమ్మ మీద జాలి ఎలా పుడుతుందని తను మొన్న గొణిగింది కదా, అందుకే నిజం పిల్లిని తెప్పించారు కాబోలనుకుని టెస్ మురిసిపోయింది. తెర ముందున్న ప్రూయిట్, ముసలావిడ వేషం వెయ్యాల్సిన లొరెయిన్‌కు జలుబు చేసి ఉంటుందని, ఆఫీసువాళ్లు బదులుగా కొత్తాయన్ని పంపారని అనుకున్నాడు.

"గోళ్లు కత్తిరించాలమ్మా," అన్నాడు ఆర్విల్.

ఇంత చిన్న పని వెనక ఎంత పెద్ద బాధ దాచారో అనుకుని టెస్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "గోళ్ల సంగతి మిమ్మల్ని బాగా కలవరపెడుతున్నట్టుందండీ."

"లేదే. సోఫా చీరేస్తోంది, అంతే."

"సోఫా గురించి ఇంకాస్త చెప్పండి."

ఆర్విల్ సోఫా రంగు చెప్పాడు. టెస్ తలూపి, తనకు నేర్పినట్టే మాట్లాడకుండా ఎదురుచూసింది. ఆయన గోడలు చూశాడు, తలుపు చూశాడు, ఇంకేం తోచక కారెక్కడ పెట్టాడో కూడా చెప్పాడు. ఇది గోళ్లు కత్తిరించే చోటేనా అని అడిగాడు. అలాంటి అనుమానం రావడం సహజమేనని ఆమె ఓదార్చింది. ఈ పిల్ల ఏదో చెడ్డ కబురు దాస్తోందని ఆయనకు భయం పట్టుకుంది.

"అమ్మాయ్, దీనికేమన్నా అయ్యిందా?"

"మీకేమనిపిస్తోందండీ?"

ఆయన టోపీ తీసేశాడు. పిల్లి తనది కాదు, భార్యది. మార్చిలో ఆవిడ పోయింది. గోళ్లు ఆవిడే కత్తిరించేది. ఇదీ పోతే ఇంట్లో పలకరించడానికి ఇంకెవరూ లేరని చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. టెస్ కళ్లూ చెమర్చాయి. ఎంత గొప్ప నటుడు అనుకుంది.

ప్రూయిట్ చప్పట్లు కొడుతూ వచ్చాడు. టెస్ పాసైందన్నాడు. ఆర్విల్ చెయ్యి పట్టుకుని, ఇంత సహజంగా ఏడ్చినవాళ్లను తను చూడలేదని, ఇకమీదట ప్రతి శుక్రవారం రమ్మని పిలిచాడు.

"ఏడవడానికా?" అన్నాడు ఆర్విల్.

ఇంతలో వరండాలో గోల. అంకెలు లేక ఆర్విల్ ఇటు వచ్చినట్టే, ఎదురుగా ఉన్న అసలు ఆస్పత్రి గదిలోకి వెళ్లిన లొరెయిన్‌ను ఇద్దరు నర్సులు చెరో రెక్క పట్టుకుని నడిపిస్తున్నారు. అది బొమ్మపిల్లి అని అక్కడి డాక్టరు ఎంత మెల్లగా చెప్పినా ఆమె నటన వదల్లేదట. ఇప్పుడు మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు.

టెస్ మొహం పాలిపోయింది. ప్రూయిట్ గొంతు సవరించుకుని, నటులు లేని పరీక్ష చెల్లదన్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా బుట్టలోని పిల్లిని తడిమి చూసింది.

"క్షమించండి," అంది ఆర్విల్‌తో. "మీరు నటిస్తున్నారనుకున్నాను. మీ పిల్లికి ఏమీ కాలేదు. కాస్త బలిసింది, తిండి తగ్గించండి."

ఆర్విల్ మొదటిసారి నవ్వాడు. "మా ఆవిడా అదే అనేది." తర్వాత ప్రూయిట్ వైపు తిరిగాడు. "మార్చి నుంచి నన్ను ఇన్ని మాటలడిగిన మనిషి లేదు. ఈ పిల్లను తప్పిస్తే ఇంకెవర్ని పాస్ చేస్తావయ్యా?"

ప్రూయిట్ జేబులోంచి పెన్ను తీసి మార్కులు వేశాడు. టెస్ పాసైంది. లొరెయిన్‌ను విడిపించడానికి ముగ్గురూ వరండాలోకి పరిగెత్తారు, ఆమెకిద్దామని ఆర్విల్ చేతిరుమాలు కూడా తీశాడు.

గదిలో మిగిలిన పిల్లి బుట్టలోంచి దిగి, పక్కగదిలోకి నడిచి, ఎవరూ కత్తిరించని గోళ్లతో ప్రూయిట్ కుర్చీని చీరడం మొదలుపెట్టింది.