అత్తగారి దగ్గర రాని బగ్

ఆ రోజు చార్టు సారు పెట్టుకున్న పనులు రెండే. పొద్దున్నే బస్సు డిపోకి వెళ్ళి డ్రైవర్ల డ్యూటీ చార్టు గోడకి అంటించడం, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి వంటింటి కుళాయికి వాషరు మార్చడం. కుళాయి కారుతోందని భార్య ఎన్నాళ్ళుగానో చెబుతూనే ఉంది. చెప్పినప్పుడల్లా అతను వెళ్ళి చూడటం, అతను చూసినంతసేపూ అది బుద్ధిగా ఊరుకోవడం, "ఇప్పుడు కారడం లేదుగా" అని అతను వెనక్కి తిరగడం ఆ ఇంట్లో మామూలే. ఈసారి మాత్రం వాషరు కొని, జేబులో వేసుకుని మరీ బయల్దేరాడు.

అతనికి అసలు పేరంటూ ఒకటి ఉంది గాని, డిపోలో ఎవరికీ గుర్తులేదు. ఏ డ్రైవరు ఏ బస్సు తోలాలో చెప్పే ప్రోగ్రాము ఒంటిచేత్తో రాసినవాడు కాబట్టి అందరికీ చార్టు సారే. ఆ ప్రోగ్రామును అతను 'గవ్వ' అనే కంప్యూటరు భాషలో రాశాడు. గవ్వకి కంపెనీ లేదు, యజమాని లేడు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో ఇష్టంగా కూర్చుని దాన్ని తయారు చేస్తారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో తప్పు, అంటే బగ్, కనబడితే వాళ్ళ సైటులో రిపోర్టు రాయవచ్చు, దాని కింద ఎవరైనా చర్చించవచ్చు. ఇన్నేళ్ళలో చార్టు సారుకి ఆ అవసరం రాలేదు. గవ్వలో తప్పా అని నలుగురిలో మీసం మెలేసేవాడు కూడా.

డిపోలో అడుగు పెట్టేసరికి పెద్ద డ్రైవరు నోటీసు బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆరో నంబరు రూటు చివరి స్టాపు ఆయన ఇంటి గుమ్మం ముందే. ఆయన రోజూ ఆ బస్సే తోలుతాడు, మధ్యాహ్నం ఇంట్లోనే భోంచేస్తాడు. చార్టు ముందురోజు సాయంత్రమే కంప్యూటరులో అందరికీ కనబడుతుంది. అందులో ఆయనకి ఎవరూ కోరుకోని క్వారీ రూటు పడింది. ఆయనతో పాటు అదే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్ళందరి రూట్లూ అలాగే తారుమారయ్యాయి. వాళ్ళంతా ఆయన వెనక నిలబడ్డారు. బస్సులు షెడ్డులోనే నిలబడ్డాయి.

"నేనేం గొడవ చెయ్యను సార్. నాకు క్వారీ ఎందుకొచ్చిందో చెప్పండి, వెళ్ళిపోతా" అన్నాడు పెద్ద డ్రైవరు నెమ్మదిగా. అరిచి ఉంటే చార్టు సారుకి కాస్త హాయిగా ఉండేది.

డిపో లెక్క చాలా సూటిది. సర్వీసు ఎక్కువ ఉన్నవాళ్ళు ముందు రూటు కోరుకుంటారు. ఒకే ఏడు చేరి సర్వీసు సమానమైతే, ఆ ఏడులో ముందు చేరినవాళ్ళు ముందు. ఇలా సమానంగా ఉన్నవాళ్ళని పట్టీలో ఎక్కించిన వరస చెడకుండా ఉంచుతానని గవ్వ తన నిబంధనల్లోనే మాట ఇచ్చింది. ఆ మాట మీదే చార్టు సారు ప్రోగ్రాము నిలబడింది. ఇవాళ ఆ వరస చెదిరిపోయింది.

మేనేజరు గొడుగు కూడా ముడవకుండా లోపలికొచ్చాడు. పై ఆఫీసు వెంటపడి కొత్త కంప్యూటరు తెప్పించింది ఆయనే. అది ముందురోజే వచ్చింది, పాతది ఆ రోజే పాత సామాన్ల లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, కంప్యూటరు కొత్తది. అది తప్పు చెయ్యదు. నువ్వు రాసిందే తప్పు" అన్నాడు. తర్వాత బీరువా వెనక నుంచి దుమ్ము పట్టిన నల్లబల్లను లాగించి గోడకి ఆనించాడు. సాయంత్రం లోపల తప్పెక్కడుందో తేలకపోతే రేపటి నుంచి చార్టు సుద్దముక్కతోనేనని, ఆ ప్రోగ్రామును ఇక తెరవనక్కర్లేదని తేల్చి చెప్పాడు.

చార్టు సారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సెలవు రోజుల్లో భార్య చేత చీవాట్లు తింటూ కట్టుకున్న ప్రోగ్రాము అది. దాన్ని తల నుంచి తోక దాకా చదివాడు. మళ్ళీ తోక నుంచి తలదాకా చదివాడు. తప్పు దొరకలేదు. అప్పుడు అతనికి, తప్పు నాది కాదేమో, భాషదేనేమో అనిపించింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే అనిపిస్తుంది, దాదాపు అందరూ పప్పులో కాలేస్తారు. అయినా ధైర్యం చేసి గవ్వ సైటులో రిపోర్టు తెరిచాడు.

అక్కడొక ఆచారం ఉంది. తప్పును వీలైనంత చిన్నది చేసి చూపించాలి. ఇంత పొడుగు ప్రోగ్రాము పంపితే ఎవరూ కన్నెత్తి చూడరు. పైగా డ్రైవర్ల పేర్లు బయటికి పోకూడదని మేనేజరు ఆజ్ఞ. అందుకని చార్టు సారు అందరికీ జంతువుల పేర్లు పెట్టి, చార్టును కత్తిరించి కత్తిరించి ఏనుగు, గుర్రం, కుందేలు, నక్క మాత్రమే మిగిల్చాడు. హడావిడిలో దాన్ని తాను ఒక్కసారైనా నడిపి చూడకుండానే పంపేశాడు.

గవ్వ చేసేవాళ్ళలో పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఆయన ముఖం ఎవరూ చూడలేదు. పేరు పక్కన గుడ్లగూబ బొమ్మ ఉంటుంది కాబట్టి అందరికీ గుడ్లగూబగారే. ఆయన జవాబు వెంటనే వచ్చింది. "నడిపి చూశాను. ఈ తప్పు నా దగ్గర రాలేదు. మూసేస్తున్నాను."

చార్టు సారు కంగారుగా అదే ముక్కను తన దగ్గర నడిపాడు. ఏనుగు ముందు, గుర్రం తర్వాత, అన్నీ బుద్ధిగా వచ్చాయి. మొత్తం పట్టీ నడిపితే మళ్ళీ తారుమారు. ఈసారి జంతువులు చాలక పక్షుల్ని, చేపల్ని కూడా కలిపి మొత్తం పట్టీని ఆ రిపోర్టు కిందే పెట్టాడు. కాని ఒకసారి మూసేసిన రిపోర్టు కింద ఏం రాసినా పట్టించుకునే నాథుడుండడు.

ఉండబట్టలేక ఇంటికి ఫోను చేశాడు. కుళాయి సంగతేమిటని భార్య అడిగింది. అతను తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఇంకెవరైనా "మాకూ ఇలాగే అవుతోంది" అని అక్కడ రాస్తే రిపోర్టు మళ్ళీ తెరుస్తారట గాని, ఈ ఊళ్ళో గవ్వ వాడేదెవరు అని నిట్టూర్చాడు. ఆ ఫోను అవతల భార్యతో పాటు బావమరిది చెవి కూడా ఉందని అతనికి తెలియదు.

బావమరిది మంచివాడు. సాయం అడగకపోయినా చేస్తాడు, వద్దన్నా చేస్తాడు. బంధువులందరూ ఉన్న ఫోను గ్రూపుకి పెద్ద దిక్కు అతనే. బావ ఉద్యోగం ప్రమాదంలో పడిందని, అందరూ ఆ సైటులో చేరి తను రాసి పంపిన నాలుగు మాటలూ అక్కడ పెట్టాలని గ్రూపులో చాటింపు వేశాడు. మేనమామలు, పిన్నులు, వేలు విడిచిన బాబాయిలు కూడా కళ్ళజోళ్ళు తగిలించుకుని కూర్చున్నారు.

కాసేపటికి గవ్వ సైటు కిటకిటలాడింది. మాకూ ఇంతే, మాకూ ఇంతే అని వరసగా వచ్చిపడుతున్నాయి. ఒక పిన్ని, మా అల్లుడు ఎవరి జోలికీ పోడు, దయచేసి ఒకసారి చూడండి అని సొంతంగా చేర్చింది. భార్య అందరితో పాటూ రాసి, "అదీకాక మా వంటింటి కుళాయి కూడా కారుతోంది" అని ముగించింది. పద్ధతిగల మనిషి ఎవరో దానికి జవాబిచ్చారు. "ఇక్కడ ఒక రిపోర్టుకి ఒకే సమస్య. కుళాయికి వేరే రిపోర్టు తెరవండి." ఆవిడ తెరిచింది.

ఇంతమందికి ఒకేసారి వచ్చిందంటే మాటలు కాదని గవ్వ బృందంలో కొందరు హడలిపోయారు. వరసలు పెట్టే పనికి గవ్వను ప్రస్తుతానికి నమ్మవద్దని సైటు నెత్తిన ఎర్రపట్టీ వేశారు. అది చూసి, గవ్వ వాడే ఊరూవాడా ఉలిక్కిపడింది. ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా మా వరసలూ చెడ్డాయేమో అని గోలపెట్టారు. చార్టు సారు మాత్రం ఎర్రపట్టీ చూసి పొంగిపోయాడు. ప్రపంచమంతా తన మాటే నిజమంటోందని మేనేజరుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మరీ చూపించాడు.

సరిగ్గా అప్పుడే గుడ్లగూబగారు కొత్త జవాబు పెట్టారు. ఈ సాక్షులందరూ ఇవాళే సైటులో చేరారు. అందరూ ఒకే మాట అక్షరం పొల్లు పోకుండా రాశారు. పైగా ప్రతివాళ్ళ రాతలోనూ చివర ఇంకో వాక్యం ఉంది: "పైన ఉన్నది కాపీ చేసి అక్కడ పెట్టండి, బావకి చెప్పకండి."

మేనేజరు ఆ వాక్యాన్ని బయటికే చదివాడు. చదివి, సుద్దముక్కల డబ్బా కోసం మనిషిని పంపాడు. చార్టు సారు తల ఎత్తలేకపోయాడు. తనేమీ చేయించలేదని చెప్పినా నమ్మేవాళ్ళెవరు? దొంగ సాక్ష్యాలు పెట్టించినవాణ్ణి సైటు నుంచి వెలివేయాలని అక్కడ అప్పుడే చర్చ మొదలైంది. ఇక్కడ పెద్ద డ్రైవరు నల్లబల్ల మీది దుమ్ము తుడుస్తున్నాడు, అదీ జాలిగానే.

చిట్టచివరగా ఇంకో రాత వచ్చి పడింది. రాసింది స్వయానా అత్తగారు.

పక్క వీధిలో ఉండే అత్తగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కళ్ళతో చూడనిదే దేని మీదా సంతకం పెట్టని మనిషి. కొన్నేళ్ళ కిందట అల్లుడు కొత్త కంప్యూటరు కొనుక్కుని, తన పాత డొక్కుని ఆవిడకి కానుకగా సమర్పించుకున్నాడు. గవ్వ అందులో అప్పటికే ఉంది. ఆ కానుక సంగతి ఆవిడ ఏనాడూ మరిచిపోలేదు, ఎవరినీ మరవనివ్వలేదు. ఆవిడ ఇలా రాశారు:

"నేను ఈయన అత్తగారిని. మావాళ్ళెవరూ దీన్ని నడపకుండానే సంతకాలు పెట్టారు, అందుకు సిగ్గుపడుతున్నాను. జంతువులూ పక్షులూ ఉన్న మొత్తం పట్టీని నేను నడిపాను. వరస సరిగానే వచ్చింది. అల్లుడైనా సరే, అబద్ధం రాయలేను. నా దగ్గర రాలేదు."

చార్టు సారు కళ్ళు మూసుకున్నాడు. పరాయివాళ్ళు పొడిస్తే అదొక తీరు. ఇంటావిడ కన్నతల్లే ఇలా రాస్తే ఇక ఎవరితో చెప్పుకుంటాడు?

అవతల గుడ్లగూబగారికి మాత్రం ఆ రాత తెగ నచ్చింది. ఇంత గోలలో నడిపి చూశానన్న మనిషి ఆవిడొక్కరే. ఆవిడ మీద గౌరవంతో ఆయన మూసేసిన రిపోర్టు కిందికి దిగి, మొత్తం పట్టీని మొదటిసారి తన దగ్గర నడిపారు. ఏనుగు ఎక్కడో కప్పల మధ్య తేలింది.

"అమ్మా, నా దగ్గర వచ్చింది. మీ దగ్గర ఎందుకు రాలేదు? మీ కంప్యూటరు ఎలాంటిది?" అని అడిగారు.

"మా అల్లుడు వాడి వాడి వదిలించుకున్నది" అని అత్తగారు మొదలుపెట్టి, దాని పెట్టె మీద ఉన్న వివరాలన్నీ చూసి రాశారు. గుడ్లగూబగారు వాటిని తన కంప్యూటరు వివరాల పక్కన పెట్టి చూశారు. తర్వాత రాసిన ముక్క సైటులో అందరూ చదివారు. కొత్త కంప్యూటర్ల మెదడులో పనివాళ్ళు చాలామంది ఉంటారు. పెద్ద పట్టీ వస్తే గవ్వ దాన్ని ముక్కలు చేసి వాళ్ళకి పంచుతుంది. పని అయ్యాక ముక్కల్ని అతికేటప్పుడు, ముందు వచ్చిన ముక్క ముందు పెట్టకుండా, ముందు పూర్తయిన ముక్క ముందు పెట్టేస్తోంది. పట్టీ చిన్నదైతే పంచదు కాబట్టి తప్పు రాదు. అత్తగారి డొక్కులో ఉన్నది ఒకే పనివాడు కాబట్టి అక్కడ పంచడానికెవరూ లేరు. తప్పు గవ్వదే. ఎన్నాళ్ళ నుంచో ఉంది. కుదించి చూపించమనే తమ ఆచారమే దాన్ని ఇన్నాళ్ళూ దాచిపెట్టిందని ఆయన ఒప్పుకుని, చార్టు సారుకి అందరి ముందూ క్షమాపణ చెప్పారు.

చార్టు సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. సవరించిన గవ్వ సాయంత్రం కాకముందే వచ్చింది. అందులో చార్టు నడిపి, కాగితం ప్రింటరు లోంచి పూర్తిగా బయటికి రాకముందే లాగి, నోటీసు బోర్డుకి అంటించాడు. ఆరో నంబరు రూటుకి ఎదురుగా పెద్ద డ్రైవరు పేరు ఉంది. వెనక నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన షెడ్డులోకి వెళ్ళి బస్సు హారను కొట్టి వచ్చాడు.

"నాకేం జంతువు పెట్టారు సార్?" అని పెద్ద డ్రైవరు అడిగాడు.

"ఏనుగు."

ఆయన తృప్తిగా తలూపి, నల్లబల్లను తనే ఎత్తి బీరువా వెనక పెట్టేశాడు. తను కొత్త కంప్యూటరు తెప్పించబట్టే కదా ప్రపంచానికి ఈ తప్పు తెలిసిందని మేనేజరు అప్పటికే పై ఆఫీసుకి ఫోనులో చెబుతున్నాడు.

మర్నాడు గవ్వ కొత్త విడుదలలో, తప్పు కనిపెట్టినవారిగా చార్టు సారు అసలు పేరు అచ్చయింది. డిపోలో చాలామంది అది ఎవరిదని అడిగారు. దాని కిందే, నిజాయితీగా పరీక్షించినవారు అని అత్తగారి పేరు ఉంది. ఆవిడ ఆ డొక్కుతో సహా పరీక్షల బృందంలో ఉండాలని గుడ్లగూబగారు బతిమాలితే ఒప్పుకున్నారు. అల్లుడు కంప్యూటరు మార్చిస్తానంటే వద్దన్నారు.

ఆ ఆదివారం చార్టు సారు విజయగర్వంతో సోఫాలో వాలి, వాషరు ఇంకా జేబులోనే ఉండగా, కుళాయి ఇప్పుడు కారడం లేదుగా అన్నాడు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కట్టి, స్టూలు లాక్కుని కాసేపు దాని ఎదుట కూర్చున్నారు. తర్వాత ఫోను తీసి, గవ్వ సైటులో కూతురు తెరిచిన రిపోర్టు కింద రాశారు: "నేనే స్వయంగా తిప్పి చూశాను. నా దగ్గర వచ్చింది."