రెండో బిందువు దగ్గర డైరెక్టర్ గారి కారు

వికలాంగుల కార్యాలయానికి ర్యాంపు నిటారుగానే ఉండాలి. ఇది నా దృఢమైన అభిప్రాయం!

తొందరపడి తిట్టకండి. మా గబెస్ పట్నంలో వికలాంగుల కార్డులిచ్చే ఆఫీసు గుమ్మం నేలకు మీటరు ఎత్తున ఉంటుంది. కార్డు కావాలంటే మనిషి స్వయంగా కౌంటరు ముందు కనబడాలి. చక్రాల కుర్చీల వాళ్ల కోసం ఓ ర్యాంపు కూడా కట్టారు. గోడకు సరిగ్గా రెండు మీటర్ల దూరంలో మొదలై, ఆ రెండు మీటర్లలోనే మీటరు ఎత్తుకు లేస్తుంది. ఇంతకన్నా మంచి పరీక్ష ఉంటుందా? ఎక్కగలిగినవాడికి కార్డు అక్కర్లేదు. ఎక్కలేనివాడికి కార్డు అందదు. ఫైళ్లు పేరుకోవు, గుమాస్తాల కాఫీ చల్లారదు!

ఇంత చక్కటి ఏర్పాటును దలెండా మేడమ్ పాడుచేసింది.

ఆవిడ ఇరవై తొమ్మిదేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. పోయినేడు వెన్నెముక ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడ్డాయి. జూన్‌లో ఓ సోమవారం ఆవిడ కుర్చీని చెల్లెలు సల్హా తోసుకుంటూ తెచ్చింది. ర్యాంపు సగం ఎక్కారో లేదో కుర్చీ వెనక్కి జారింది. దాన్ని ఆపబోయి సల్హా కింద పడింది. మోకాలు చీరుకుపోయింది.

కాపలాదారు బెషీర్ పరుగెత్తుకొచ్చాడు. "ఎందుకమ్మా ఈ తిప్పలు? నలుగుర్ని పిలుస్తా, కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేస్తారు."

"నేనేమైనా రవ్వ బస్తానా, ఎత్తి పెట్టడానికి?"

"అందరూ అలాగే వెళ్తున్నారమ్మా!"

"వాళ్లు సిగ్గుతో చచ్చి ఊరుకున్నారు. నేను ఊరుకోను. ఇది కట్టిన ఇంజనీర్ని రమ్మను."

ఇంజనీరుకు తీరికేదీ? మేడమ్ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ర్యాంపు పక్కన గొడుగేసుకుని కూర్చుని, ఆఫీసు గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసింది. ఒంటికాలి జాలరి హమ్మూదా కర్ర ఆనించి అడిగాడు: "ఏంటి మేడమ్ ఈ గీతలు?"

"ఇది నిన్ను కింద పడేసే గీత. ఇది నిన్ను పైకి తీసుకెళ్లే గీత. ఇలా కూర్చో, చెప్తాను."

చూశారా? పైసా ఫీజు లేకుండా ట్యూషన్! క్యూ అంతా నేర్చుకుంది.

నాలుగో రోజు ఇంజనీరు నెజీబ్ వచ్చాడు. ఆవిడ మొహం చూడగానే చేతిలో ఫైలు వెనక్కి దాచుకున్నాడు.

"మేడమ్... మీరా!"

"మూడో బెంచీ నెజీబ్‌వి కదూ? ఈ గీత ఎలా వచ్చిందో చెప్పు."

"మీరు నేర్పినదే మేడమ్. రెండు బిందువులు తెలిస్తే వాటిగుండా పోయే సరళరేఖ ఒక్కటే. మొదటి బిందువు గుమ్మం."

"రెండోది?"

నెజీబ్ గొంతు తగ్గింది. "డైరెక్టర్ గారి కారు మేడమ్. గోడకు రెండు మీటర్ల అవతల నుంచి ఆయన పార్కింగు. చుట్టుపక్కల నీడ అక్కడొక్కచోటే."

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"ఒక బిందువూ, వాలూ తెలిస్తే గీత ఎలా రాయాలో కూడా నేర్పానే! బిందువు గుమ్మం. వాలు ఎంతుండాలో రూల్లోనే ఉంది, పన్నెండో వంతు. ఇందులో కారు ఎక్కడుందిరా?"

సుద్దముక్క చేతికిచ్చింది. నలభై ఏళ్ల మనిషి గోడవైపు తిరిగి రాశాడు: y − 1 = −x/12. నేల దగ్గర y సున్నా. x పన్నెండు, అంటే ర్యాంపు గోడకు పన్నెండు మీటర్ల దూరంలో మొదలవ్వాలి.

"నడిచి చూపించు."

అతను గోడ నుంచి కొలుచుకుంటూ నడిచాడు. రెండు మీటర్లకే కారు అడ్డొచ్చింది. దాని మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. పైన కిటికీ తెరుచుకుంది.

"ఏమయ్యా, అక్కడేం పని?" డైరెక్టర్ అరిచాడు.

నెజీబ్ ఓసారి మేడమ్ వైపు చూశాడు. "కారు తియ్యాలి సార్."

"తీసి ఎండలో పెట్టుకోనా?"

"గీత ఇటే పోతోంది సార్. దాన్ని నేను వంచలేను."

క్యూ అంతా కిటికీ వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి బెషీర్ డైరెక్టర్ గారి కారు తాళాలు పట్టుకుని కిందికి దిగాడు.

పదిహేను రోజుల్లో కొత్త ర్యాంపు తయారైంది. దలెండా మేడమ్ చెల్లెల్ని చెయ్యి వెయ్యనివ్వలేదు. చక్రాలు తానే తిప్పుకుంటూ, మధ్యలో ఒక్కసారి ఆగి ఊపిరి తీసుకుని, కౌంటరు ముందుకు వెళ్లింది. అరచేతులు రెండూ ఎర్రగా కందిపోయాయి. వాటిని చాచి మరీ కార్డు అందుకుంది.

పాఠకులారా, ఇలాంటి గుమ్మాలు ఆసుపత్రికీ, కోర్టుకూ, తపాలా ఆఫీసుకూ ఇంకా చాలా ఉన్నాయి. వాటిని కట్టిన ఇంజనీర్లందరికీ ఎక్కడో ఒక లెక్కల టీచరు ఉండే ఉంటుంది. ఆ టీచర్లందరి కాళ్లూ త్వరలోనే పడిపోవాలని మనసారా కోరుకుందాం. రూలు అమలు కావడానికి మన ఆఫీసుల్లో ఇంకో పద్ధతేదీ ఇంతవరకూ కనిపెట్టలేదు మరి!