నిలబడి తాగే సూప్

ఇంగ్లండులోని సెయింట్ ఆస్విన్ కాలేజీలో సూప్‌ను నిలబడే తాగవలెనని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మిగతా భోజనం కూర్చునే తినొచ్చు, మరీ మొండి కాలేజీ ఏం కాదు. ఆరువందల ఏళ్ల కిందట స్థాపకుడు బిషప్పుగారు నిలబడి ప్రార్థిస్తూ నిలబడే ప్రాణం విడిచారట, అందుకీ గౌరవం. ఏటా పాతిక ముప్ఫై చొక్కాలు దీనికి బలైపోతుంటాయి. మోకాళ్ల నొప్పుల ప్రొఫెసర్లు గోడకు చేరగిలబడి చరిత్రను మోస్తుంటారు.

ఈ ఘన చరిత్రను గ్రంథస్థం చేసే పని డాక్టర్ ఫిలిప్పా త్వెయిట్ మీద పడింది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పాలకమండలికి నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే జూన్‌లో గది ఖాళీ. పాపం, ఆమె నిజంగానే పాత కాగితాలు చదివింది. అంతకుముందు చరిత్ర రాసిన నలుగురూ అంత తొందరపడలేదు.

1951 నాటి వంటశాల డైరీ దొరికింది. అందులో రాసిన ప్రకారం, రిపేరుకెళ్లిన బెంచీలు ఒక రోజు సూప్ అయ్యాక గానీ రాలేదు, అందుకని అందరూ నిలబడే తాగారు. మర్నాడు బెంచీలున్నాయి, కానీ ముందెవరు కూర్చుంటారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ సూప్ నిలబడే కానిచ్చారు. ఆ మర్నాడూ అంతే. బిషప్పు ఊసే లేదు.

గేటు కాపలాదారు హాబ్డే ఆ పేజీ చదివాడు.

"డాక్టరమ్మా, ఇక్కడ నిజం చెప్పినోళ్ల సామాన్లన్నీ నేనే టాక్సీ ఎక్కించాను. మీవెన్ని పెట్టెలు?"

"పుస్తకాలతో కలిపి పదకొండు."

"నాకసలే నడుంనొప్పి. కాస్త ఆలోచించుకోండి."

ఆలోచించుకుని కూడా ఆమె పాలకమండలిలో డైరీ చదివేసింది. అధ్యక్షుడు సర్ లెనార్డ్ స్పెండ్‌లవ్ లేచారు.

"సత్యమే ఈ కాలేజీ ఊపిరి. కావున నేటి నుంచి అందరూ నిరభ్యంతరంగా కూర్చుని సూప్ సేవించవచ్చునని తీర్మానిస్తున్నాం. డాక్టర్ త్వెయిట్ ఉద్యోగ విషయం భోజనానంతరం పరిశీలిస్తాం."

చప్పట్లతో పైకప్పు అదిరింది.

సాయంత్రం సూప్ వచ్చింది. రెండువందల మందీ నిలబడే ఉన్నారు. ముందెవరు కూర్చోవాలో తీర్మానంలో లేదు మరి.

"కూర్చోండమ్మా, మీ చలవే కదా ఇదంతా," అన్నారు సర్ లెనార్డ్.

"అయ్యో, పెద్దవారు మీరుండగానా?"

"అబ్బే, మీరు కానివ్వండి."

ఫిలిప్పా మోకాళ్లు అరంగుళం వంగాయి. రెండువందల చెంచాలు గాల్లో ఆగిపోయాయి. మోకాళ్లు మళ్లీ నిటారయ్యాయి. ఆమె చల్లారిన సూప్‌ను నిలబడే ఒక్క గుక్కలో తాగేసింది. భోజనం చివర్లో పెట్టే తీపి పుడింగ్ వచ్చేలోపే ఉద్యోగం పర్మనెంటైంది.

నవ్వుకుంటున్న పాఠకులకు ఒక మనవి. ఈసారి సభలో ఉపన్యాసం చెత్తగా ఉంటే చప్పట్లు కొట్టడం ముందు మీరు మానేయండి. మీ వెనకాలే మేమందరం ఉన్నాం.