సముద్రం ఉన్న వైపు

ఇలా దగ్గరికి జరుగు పింకీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. మన ఇంటికి ఒక పూటంతా వీధి గుమ్మం లేకుండా పోయిన సంగతి ఇంకెవరో చెప్పేలోపు నేనే చెబుతాను. తప్పు నాది. తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

నీకప్పుడు మూడేళ్ళు. మీ నాన్న మోహన్‌కృష్ణ ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో, చాతం వెళ్ళే దారిలో, గుట్ట మీద ఈ చెక్క గోడల ఇల్లు కొన్నాడు. చేరే ముందు బాగు చేయించాలి. వీధి గుమ్మం తూర్పున ఉండి తీరాలని భీమిలి సిద్ధాంతిగారు ఫోనులో చెప్పారు. పని మొదలైన పొద్దున మీ నాన్న ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మేస్త్రీ నూకన్న గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, తూర్పు ఎటండి?"

నాలుగు రోజులుగా ముసురు. సూర్యుడి జాడ లేదు.

"అదేటి నాయనా, సముద్రం కనపడలేదా? అదే తూర్పు."

భీమిలిలో పుట్టినదాన్ని. అక్కడ సముద్రం తూర్పునే. పెళ్ళయి వచ్చి ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన ఈ ఊరి డెలానీపూర్ క్వార్టర్స్‌లోనూ మా కిటికీకి సముద్రం తూర్పునే. ఇక నాకు అనుమానం ఎందుకు వస్తుంది?

"ఫోన్లో చూద్దాం అత్తయ్యా," అంది మీ అమ్మ భానుశ్రీ.

"నేను చూసినన్ని పొద్దుపొడుపులు నీ ఫోను చూసిందేటి?" అన్నాను. నూకన్న ఏదో అనబోయి ఆగిపోయాడు.

పదింటికల్లా పాత గుమ్మం ఊడదీసి, అక్కడ చెక్కలు బిగించేశాడు. తర్వాత సముద్రం వైపు గోడకు రంపం పెట్టాడు. ఆఖరి చెక్క ఊడగానే అవతల పక్కింటి పరంధామయ్య మాస్టారు తలనిండా సబ్బు నురగతో, చేతిలో చెంబుతో కనిపించారు. మన గోడకు ఆనించి రేకులు కట్టుకుని ఆయన స్నానం చేస్తారని మాకెవరికీ తెలియదు.

"అరే భయ్యా, యే క్యా హై?" అని నూకన్నను అడిగి, నా వైపు తిరిగారు. "నా స్నానాలగదిలోకి గుమ్మం ఏటండీ అప్పలకొండమ్మగారూ?"

"తూర్పండి మాస్టారూ," అన్నాను నేల చూస్తూ.

నూకన్న కంగారులో గడ్డపార వదిలేశాడు. అది గోడ వెంట వీధి మొత్తానికి పోయే నీళ్ళ పైపు మీద పడి, పైపు పగిలింది. మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళు సరిగ్గా అప్పుడే వచ్చాయి, వచ్చినవన్నీ మాస్టారి స్నానాలగదిలోకే. "దీదీ, మా పానీ ఎటు పోయింది?" అంటూ వీధి ఆడవాళ్ళు బకెట్లతో వచ్చి అక్కడే లైను కట్టారు. మాస్టారు తువ్వాలుతో ఒక మూల నిలబడిపోయారు.

సాయంత్రం మీ నాన్న వచ్చి, పాత గుమ్మం ఉన్నచోట బిగించిన చెక్కల్ని తలుపు కొట్టినట్టు బాదాడు.

"అమ్మా, తలుపేదీ?"

"మాస్టారి స్నానాలగదిలోంచి రా నాయనా."

తడిసిన బూట్లతో వచ్చి నూకన్న మీద పడ్డాడు. "దిక్కులు తెలియనోడివి మేస్త్రీవేంటయ్యా? రేపట్నుంచి రావద్దు. నీ సంగతి అందరికీ చెప్తాను."

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళ మధ్య మాట పాకడానికి ఒక పూట చాలు. పాకితే ఏ తెలుగింటి గుమ్మం పనికీ నూకన్నను పిలవరు. అది తెలిసి కూడా నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. అతను నన్ను ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నా పేరు ఎత్తలేదు.

అప్పుడు ముసురు విడిచింది. నేను తీయించిన తూర్పు గుమ్మంలో, ఎర్రటి సూర్యుడు మెల్లగా సముద్రంలోకి దిగిపోతున్నాడు. నేను మూయించిన పాత గుమ్మమే అసలు తూర్పు గుమ్మం.

"అతన్ని అనకు నాయనా. అటని చెప్పింది నేనే," అన్నాను.

మీ నాన్న నూకన్నను చూశాడు. "నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదండి? రోజూ పొద్దుగూకడం అటే చూస్తాను కదా. మరి పొద్దున్న మీరేగా ఫోన్లో చెప్పారు, మా అమ్మ ఎలా చెప్తే అలా చెయ్యి, ఎదురు మాట్లాడొద్దు అని."

మీ నాన్న కూడా నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టాడు.

ఇది గుర్తుంచుకో పింకీ. రేపు నీ వాళ్ళకీ చెప్పు. నూకన్న తప్పేమీ లేదని ముందు చెప్పి, ఆ తర్వాతే నవ్వించు. నా పేరు దాచనక్కర్లేదు, మాస్టారు ఎప్పుడో ఊరంతా చెప్పేశారు.