మునెమ్మత్త మనోవిశ్లేషణ

ఆ రోజు శోభ పెట్టుకున్నది చాలా చిన్న పని. పొద్దున్నే మదనపల్లెలో కుప్పం బస్సెక్కడం, అక్కడ యూనివర్సిటీలో పీహెచ్‌డీ వైవా ముగించడం, చీకటి పడేలోగా ఇంటికి చేరి అమ్మ చేతి సంగటి తినడం. పాతకాలపు ఇంగ్లీషు ప్రేమ నవలల మీద ఆమె పరిశోధన. ఆ నవలల్లో నాయకుడు పెళ్ళి చేసుకుందామని అడుగుతాడు, నాయిక వద్దంటుంది, పుస్తకం చివర సరేనంటుంది. మొదట అన్న ఆ వద్దుకు అర్థమేమిటన్నదే శోభ సిద్ధాంత గ్రంథం. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవులన్నీ ఆ ఒక్క మాటకే ధారపోసింది.

ఏ విషయమైనా ముందు తెలుగులో అనుకుంటే తప్ప ఆమెకు ఇంగ్లీషులో నోరు తిరగదు. అందుకే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా వల్లె వేసింది.

"ఆమె వద్దన్నది పైమాట. మనసు అడుగున కోరిక ఉంది. ఆ కోరికను చూసి తనకే భయం. ఎంత గట్టిగా వద్దంటే అంతగా కావాలని అర్థం. ఇది మనోవిశ్లేషణ, నా మూడో అధ్యాయం."

సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది. ఆడమనిషి వద్దంటే వద్దనే అర్థమని స్త్రీవాదులు చెప్పే రెండో సగం ఆ కూతలో కొట్టుకుపోయింది. గరిటెతో నిలబడ్డ పార్వతమ్మకు మొదటి సగమే అందింది.

ఆ తల్లి కళ్ళు చెమర్చాయి. పోయిన నెలే పుంగనూరు మేనత్త మునెమ్మ తెచ్చిన సంబంధాన్ని శోభ కాదంది. పిల్లవాడు ధనుంజయ పాల డెయిరీలో సూపర్‌వైజరు, వంక పెట్టడానికి లేనివాడు. ఇంత ఇష్టం లోపల దాచుకుని బిడ్డ ఎంత నలిగిపోయిందో అనుకుని పార్వతమ్మ ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

తిరిగి వచ్చి, "నేనూ వస్తాండానమ్మా. నీ పరీక్ష సూడాలని ఉండాది" అంటూ పట్టుచీర కట్టింది. ఇన్నేళ్ళలో తన చదువు సంగతి ఒక్కసారీ అడగని అమ్మ అలా అనేసరికి శోభ పొంగిపోయింది. పట్టుచీర ఎందుకని అడగాలని కూడా తోచలేదు.

పుంగనూరులో మునెమ్మ బస్సెక్కింది. చేతిలో పూలు, పళ్ళాలు, తాంబూలం సంచి. వెనకే ఇస్త్రీ చొక్కాలో ధనుంజయ, అతని అమ్మానాన్నా.

"యాడికత్తా అందురూ?" అంది శోభ.

"కుప్పానికేనమ్మా. మీ సార్ల ముందరే తాంబూలాలు మార్సుకుంటే పెద్దోళ్ళ ఆశీర్వాదం ఉంటాది కదా!"

సంగతి తలకెక్కేసరికి శోభ సీట్లోంచి లేచి నిలబడింది. "నేను వద్దని చెప్పినా కదత్తా!"

మునెమ్మ సంతోషంగా వియ్యాలవారి వైపు తిరిగింది. "సూస్తిరా? వదిన సెప్పినట్లే అంటాండాది."

"నిజంగానే వద్దు!"

"ఇంకా గట్టిగా అనింది. అంతిష్టం ఉండాది లోపల."

పలమనేరు దాటేలోగా శోభ ఎన్ని విధాల వద్దనవచ్చో అన్ని విధాలా అంది. కోప్పడింది, బతిమాలింది, చివరికి ఏడ్చింది. ఆ ఏడుపుతో సంబంధం ఖాయమైపోయింది. ధనుంజయ తల్లి ముందుకు వంగి శోభ తలలో పూలు పెట్టేసింది.

"ఈ మాటలు నీకెవురు సెప్పినారమ్మా?" అని శోభ తల్లిని నిలదీసింది.

"నువ్వే కదమ్మా పొద్దున సెప్తివి" అంది పార్వతమ్మ అమాయకంగా.

శోభ ఒళ్ళోని సిద్ధాంత గ్రంథం వైపు చూసింది. నిజమే, తన మాటే. అచ్చు వేయించి, అట్ట కట్టించి ఒళ్ళో పెట్టుకుని మోసుకెళ్తున్న మాటే. ఎంత మురిసిపోతూ రాసింది దాన్ని! ఆ నవలల్లోని పిల్ల మీద ఆమెకు మొదటిసారి జాలి కలిగింది. పాపం, ఆ పిల్ల ఏమంటే మాత్రం ఎవరు విన్నారు? కుప్పం వచ్చేదాకా శోభ మళ్ళీ మాట్లాడలేదు. దాన్ని సిగ్గు అనుకున్నారు.

వైవాకు ఎవరైనా రావచ్చు, కాబట్టి అందరూ వచ్చారు. ముందు వరుసలో తాంబూలం పళ్ళాలు చూసి, సన్మానం తనకేననుకుని గైడు లోకనాథ్ సారు కండువాకు వీలుగా మెడ సర్దుకుని కూర్చున్నారు. పరీక్ష చేయడానికి పై ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ రేఖ సభను ఒకసారి కలయజూసి తెలుగులోనే అడిగింది.

"వచ్చినవాళ్ళకూ తెలియాలి, తెలుగులో చెప్పమ్మా. నీ మూడో అధ్యాయం బాగుంది. కానీ ఆ పిల్లకు నిజంగానే ఇష్టం లేదనుకో. ఆ ముక్క ఆమె ఎలా చెప్పాలి?"

శోభకు బస్సు గుర్తొచ్చింది. మౌనంగా ఉన్నా ఇష్టమే, అరిచినా ఇష్టమే. అన్ని తలుపులూ తనే మూసి తాళం వేసింది.

"చెప్పే దారి లేదు మేడం. లేకుండా నేనే రాసినాను. ఆ అధ్యాయం తప్పు, వెనక్కి తీసుకుంటాను. డిగ్రీ ఇవ్వకపోయినా సరే." తలలోని పూలు తీసి బల్ల మీద పెట్టింది. "వద్దంటే వద్దనే."

లోకనాథ్ సారు ముఖం పాలిపోయింది. "మల్లా అనింది!" అని మునెమ్మ పళ్ళెం ఎత్తబోయింది.

అప్పుడు ధనుంజయ లేచాడు. "మేడం, నేనూ వద్దనే సెప్పినా. నోరు నొప్పి పుట్టేదాకా సెప్పినా. మా ఇంట్లో సిగ్గుపడతాండాడని నవ్వుతారు. ఆడోళ్ళు వద్దంటే స్త్రీవాదం ఉండాది. మగోడు వద్దంటే ఏం వాదం ఉండాదో అది కూడా రాయించండి."

సభలో ఎవరూ నవ్వలేదు. అతని తల్లి తల దించుకుంది. పార్వతమ్మ మెల్లగా లేచి కూతురి దగ్గరికి వచ్చింది.

"నిజంగానే వద్దామ్మా?"

"నిజంగానే వద్దమ్మా."

"సరే తల్లీ" అంది పార్వతమ్మ. అమ్మ తనను అడిగి, జవాబు విని, విన్నదాన్ని అలాగే తీసుకోవడం శోభకు అదే మొదలు. ఆమె మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపుకు ఎవరూ అర్థం చెప్పలేదు. మూడో అధ్యాయం తిరగరాసి ఇస్తే డిగ్రీకి అడ్డు లేదని రేఖ సంతకం చేసింది.

తిరుగు బస్సులో మునెమ్మ పళ్ళాలన్నీ సంచిలో సర్దుకుంది. చివరికి ధనుంజయ తల్లి చెవి దగ్గరికి వంగి, "ఇద్దురూ ఒగే మాట మీద ఉండారక్కా, ఇంతకన్నా జత యాడ దొరుకుతాది?" అంది.