ఇంటి కప్పు కోసం మా ఆయన పోయిన వైనం

మా ఆయన పోయిన సంగతి నాకు కరెంటు స్తంభం చెప్పింది.

రొట్టెల కొట్టు నుంచి వస్తున్నాను. స్తంభానికి కొత్త కాగితం, చుట్టూ నల్ల అంచు, మధ్యలో ఫోటో. మా బల్గేరియాలో మనిషి పోతే ఇలాగే అంటిస్తారు, గేటుకీ, స్తంభానికీ, బస్సు ఆగేచోటా. అయ్యో ఎవరో పాపం అనుకుని దగ్గరికి వెళ్ళాను. ఎమ్రిస్! పొద్దున్నే నా ఎదురుగా కూర్చుని రెండు కోడిగుడ్లు తిన్న మనిషి!

ఆయన తుమ్మితే న్యుమోనియా అనుకుంటాను. ఫోను ఎత్తకపోతే లారీ కింద పడ్డాడనుకుంటాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ వార్త కోసం సిద్ధంగానే ఉన్నాను. తీరా వచ్చేసరికి రొట్టె పారేసి, ఒక చెప్పు దారిలో వదిలేసి, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను.

ఎమ్రిస్ వంటింట్లో కాఫీ తాగుతున్నాడు.

"చచ్చిపోయావు కదయ్యా!" అన్నాను.

"ఎప్పుడు?" అన్నాడు.

చెయ్యి పట్టుకు చూశాను. వెచ్చగా ఉంది. జ్వరమేమోనని మళ్ళీ భయం వేసింది.

ఈయనది వేల్స్. నేను అక్కడ ఓ హోటల్లో దుప్పట్లు ఉతికే రోజుల్లో, ఈయన బస్సు నడిపే రోజుల్లో పెళ్ళి చేసుకున్నాం. రిటైరయ్యాక, పోయినేడు నా పుట్టిన ఊరికే వచ్చి పడ్డాం. నాకిది సొంత ఊరు. ఈయనకి పరాయి దేశం. కానీ పరాయివాణ్ణని ఈయనకి చస్తే గుర్తుండదు. అన్నీ నాకే తెలుసంటాడు.

శనివారం మా అమ్మాయి రాలిత్సా మూడు వారాల బిడ్డతో వస్తోంది. ఆ బిడ్డకి అనుకున్న గదిలోనే కప్పు కారుతోంది. శనివారానికి వానలన్నారు. తడి గది, దగ్గు, ఆసుపత్రి... ఆ తర్వాతది రాయడానికి నా చెయ్యి రాదు. పెంకులు నేసే మించో ఏమో రెండు నెలలుగా "రేపొస్తా వదినా" అంటున్నాడు. నేనే ఎక్కి బాగుచేస్తానన్నాడు ఎమ్రిస్. నిచ్చెన లాగేస్తానన్నాను.

"ఎక్కాక లాగితే పడి చస్తాను కదే!"

"అందుకే ఎక్కకముందే లాగేస్తున్నాను."

దాంతో ఈ కాగితాల ఆలోచన చేశాడన్నమాట.

"పనివాళ్ళు కావాలని ప్రకటన వేశాను," అన్నాడు గొప్పగా. "మీ ఊళ్ళో ఫోటో, నల్ల అంచు లేని కాగితాలు ఎవరూ చదవరు. నేను గమనించాను."

"అవి చావు కాగితాలయ్యా!"

కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఎన్నికలనుకున్నాను. ఇంత ముసలివాళ్ళు నిలబడుతున్నారేమిటా అని కూడా అనుకున్నాను."

"అదే మనిషి ఫోటో నలభయ్యో రోజున ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి మళ్ళీ వేస్తారు, చూడలేదూ?"

"ఓడిపోయి మళ్ళీ నిలబడ్డాడనుకున్నాను. జాలేసి ఒకాయనకి ఓటేద్దామనుకున్నాను కూడా."

ఫోటో కింద "కప్పు పని, మనుషులు కావాలి, శనివారం లోపు" అని స్పష్టంగానే రాశాడు పాపం. నల్ల అంచు చూశాక కింద ఏముందో ఎవరు చదువుతారు? సొంత పెళ్ళాన్ని, నేనే చదవలేదు.

"ఎన్ని అంటించావు?"

"ముప్ఫై. చర్చి దగ్గర రెండు ఎక్కువ."

అంతలో గేటు చప్పుడైంది. పక్కింటి పేనా పిన్ని, చేతిలో ఆరు పువ్వులు. పోయినవాళ్ళకి సరి సంఖ్యలోనే తేవాలి, లెక్క తప్పదావిడ. ఇంకో చేతిలో, పోయినవాళ్ళ పేరు మీద పంచే, చక్కెర చల్లిన ఉడికించిన గోధుమల గిన్నె.

"నువ్వు పైకి పో," అన్నాను ఎమ్రిస్‌తో. "నిన్నిలా ఎదురుగా చూస్తే ఆవిడ గుండె ఆగిపోతుంది. ముందు నేను మెల్లగా చెప్తాను."

చెప్పేదాన్నే. దేవుడి తోడు, చెప్పేదాన్నే. కానీ పిన్ని వెనకాలే టోపీ చేత్తో పట్టుకుని మించో వచ్చాడు. వచ్చి గోడకి తల ఆనించి భోరుమన్నాడు.

"మొన్న కూడా ఫోన్ చేశాడు వదినా! రేపన్నాను. నిన్నా చేశాడు. రేపేనన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని బతకను? నిచ్చెన ఎక్కడుంది? ఆయన ఆత్మ శాంతించాలంటే ఇవాళే ఎక్కాలి!"

తెరిచిన నోరు మూసుకున్నాను.

ఒక్క అబద్ధం ఆడలేదు. కావాలంటే చూడండి.

"ఎలా జరిగింది తల్లీ?" అంది పిన్ని.

"ఉన్నట్టుండి పిన్నీ. నేను రొట్టెకి వెళ్ళొచ్చేసరికి..."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పైన." పిన్ని ఆకాశం వైపు చూసి దండం పెట్టుకుంది.

"ఆఖరి మాటేమన్నాడు?" అన్నాడు మించో.

"మించో వస్తాడంటావా, అని."

మించో ఏడుస్తూనే నిచ్చెన ఎక్కాడు. అంత వేగంగా ఎక్కడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

మధ్యాహ్నం నల్ల రుమాలు కట్టుకుని, ఊరివాళ్ళని వరండాలో కూర్చోబెట్టి, చిక్కుడుగింజల పులుసు శాలువా చాటున పైన మా పడగ్గదికి పట్టుకెళ్ళాను.

"ఇంకా ఎంతసేపు చావాలి?" అన్నాడు ఎమ్రిస్.

"బిడ్డ గది అయ్యేవరకు."

"దగ్గొస్తోంది."

"దగ్గావంటే నేనే చంపుతాను." అనగానే భయమేసి మూడుసార్లు తూ తూ అని ఉమ్మాను. బతికున్న మనిషికి గోధుమలు ఉడికించాం. ఇది ఎక్కడికి దారి తీస్తుందో!

సాయంత్రం నాలుగింటికి మించో దిగాడు. మొహంలో ఏడుపు లేదు. చేతులు కడుక్కుని, ఓ గ్లాసు రకియా, అదే మా పళ్ళ సారా, తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగాడు.

"బిడ్డ గది అయిపోయింది వదినా. చుక్క కారదు. మీ పడగ్గది మీద మాత్రం పెంకులు విప్పి వదిలేశాను."

"అక్కడ కారడమే లేదుగా! ఎందుకు విప్పావు?"

"ఒకటి రెండు పగిలాయేమోనని విప్పాను. విప్పాక గుర్తొచ్చింది. ఆత్మ నలభై రోజులు ఇంట్లోనే తిరుగుతుంది కదా, పోయేందుకు దారి ఉండాలి. అన్నాళ్ళూ మూయకూడదు."

పుట్టి బుద్ధెరిగాక అలాంటి ఆచారం వినలేదు. పిన్ని కూడా వినలేదని ఆవిడ మొహమే చెబుతోంది. అయినా "అవునవును, పూర్వం ఉండేది," అంది. కట్టుకున్నవాడు పోయి ఏడుస్తున్నదాన్ని, ఎలా కాదంటాను?

"చిన్న దారి చాలదా?" అన్నాను నీరసంగా.

"చాలదు వదినా. భారీ మనిషి." టోపీ పెట్టుకుని నా చెవి దగ్గరికి వంగాడు. "పులుసులో ఉప్పు తక్కువైనట్టుంది. రెండుసార్లు వేసుకున్నాడు."

శనివారం మధ్యాహ్నం వాన మొదలైంది. కొత్త పెంకుల కింద బిడ్డ హాయిగా నిద్రపోయింది. మేం మంచమ్మీద గొడుగు వేసుకుని కూర్చున్నాం, ఒళ్ళో చెరో బకెట్టు.

"వాడికి ఫోన్ చేసి క్షమించమను," అన్నాడు ఎమ్రిస్.

చేశాను. అంతా ఒప్పుకున్నాను. మించో ఓపిగ్గా విన్నాడు.

"నాకేం కోపం లేదు వదినా. నువ్వు రమ్మంటే ఇప్పుడే వచ్చి మూసేస్తాను. కానీ నలభై రోజులూ తెరిచి ఉంచుతామని ఆత్మకి ఒకసారి మాటిచ్చేశాం. మధ్యలో మూస్తే మళ్ళీ ఇంట్లో ఎవరికో ఒకరికి... సరేలే, నువ్వు చెప్పు. రానా?"

ఫోను పెట్టేశాను.

"ఏమన్నాడు?"

చెప్పాను. ఎమ్రిస్ ఒళ్ళో బకెట్టు ఒలకబోసుకుని లేచాడు. "పిచ్చిదానా, ఆ ఆచారం వాడు అప్పటికప్పుడు కల్పించిందే!"

"కావచ్చు," అన్నాను, గొడుగు ఆయన వైపుకి జరుపుతూ. "కాకపోతే?"